నాలుగో అతుకు

కొత్తగా చేరినవాళ్ళ కోసం కథ ఎంతదాకా వచ్చిందో ఒకసారి చెప్పుకుందాం. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. కమలాక్షి పుంగనూరు పోస్టాఫీసులో గుమాస్తా. దెయ్యాల సినిమాలంటే ప్రాణం పెడుతుంది. మదనపల్లెలో అచ్చయ్యే ఒక చిన్న వారపత్రికలో వాటి మంచిచెడ్డలు రాస్తుంటుంది. ఆమె తమ్ముడు జయచంద్ర టమోటా మండీ నడిపే గంగులప్ప దగ్గర జీపు డ్రైవరు. పోయిన డిసెంబరు పన్నెండో తేదీ సాయంత్రం నాలుగున్నరకు ఆ జీపు బైరెడ్డిపల్లె రోడ్డులో రామక్క అనే ముసలామెను గుద్దేసి, ఆగకుండా పోయింది. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. ఆ రోజంతా తాను కుప్పంలో పెళ్ళిలో ఉన్నానని, జీపు డ్రైవరు చేతిలో ఉందని గంగులప్ప చెప్పాడు. ఆ రోజంతా తాను జ్వరంతో పడుకున్నానని, జీపు తోలింది యజమానేనని జయచంద్ర చెప్పాడు. పోలీసులు పెద్దమనిషి మాటే నమ్మి జయచంద్ర మీద కేసు పెట్టారు. ఇప్పుడు బెయిలు మీద బయట ఉన్నాడు. ఈ గురువారం మదనపల్లె కోర్టులో విచారణ. జయచంద్ర జ్వరానికి సాక్షి ఎవరో కాదు, కమలాక్షే. ఆ సాయంత్రం ఏడింటికి తమ్ముడి ఇంటికి పోయి, దుప్పటి కింద గజగజ వణుకుతున్న వాడికి కషాయం కాచి తాగించింది ఆమె.

అదే పన్నెండో తేదీన, ఆ ఒక్కరోజే, పొద్దునపూట, హార్సిలీ హిల్స్ మీద ఒక సినిమా షూటింగు జరిగింది. పేరు "పొగమంచు బంగళా". ఎనిమిది నెలల తర్వాత అది మదనపల్లెలో విడుదలైతే కమలాక్షి మొదటి ఆట చూసి, పత్రికలో ఒక చురక అంటించింది. శవాన్ని మోసుకుపోయే సీనులో వెనకాల ఒక జీపు నిలబడి ఉందని, దానికి ఆనుకుని గళ్ళచొక్కా మనిషి ఒకడు పళ్ళికిలిస్తున్నాడని, అంత నవ్వొచ్చే శవయాత్ర తానెప్పుడూ చూడలేదని రాసింది. రెండు రెప్పపాట్ల సంగతి. ఆ మనిషెవరో ఆమెకు తట్టలేదు. జయచంద్ర వకీలుకు తట్టింది. గళ్ళచొక్కా తప్ప ఇంకొకటి వేసుకోని గంగులప్ప, జీపుతో సహా కొండ మీద దొరికిపోతే కుప్పం పెళ్ళి కథ కూలిపోయినట్టేనని ఎగిరి గంతేశాడు. ఈలోగా ఆ సినిమా పెట్టె, ఈ చుట్టుపక్కలకంతా ఉన్నది అదొక్కటే, పుంగనూరుకు వచ్చింది. ఆదివారం ఆమె మళ్ళీ చూసింది. శవం ఉంది. మోసేవాళ్ళు ఉన్నారు. జీపు లేదు.

అక్కడ ఆగాం పోయిన వారం.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు కమలాక్షి కౌంటరు మూసి, టిఫిన్ డబ్బా తెరవకుండానే సంచిలో పడేసుకుని, థియేటరు వెనక ఇనుప మెట్లెక్కింది. మ్యాట్నీ రెండున్నరకు. ఆ వేళప్పుడు పైన మిషను గదిలో ఆపరేటరు మునస్వామి ఒక్కడే ఉంటాడు.

ఆమె అనుమానమంతా ఆయన మీదే. కారణం లేకపోలేదు. సినిమా రీలు తెగినా, ఎవరైనా ముక్క కోసినా, మిగిలిన రెండు కొసలనూ బ్లేడుతో గీకి జిగురు పెట్టి అతుకుతారు. మామూలు ఆపరేటరు అతికితే తెర మీద ఒక తెల్లటి మెరుపు మెరుస్తుంది, పాట ఎక్కిళ్ళు పెడుతుంది. ఆదివారం ఆట చూసినప్పుడు మెరుపూ లేదు, ఎక్కిళ్ళూ లేవు. ఏడుపు మధ్యలో సంగీతం ఊపిరి పీల్చుకున్న చోట చూసి మరీ కోశారు. నాలుగు సెకన్ల ముక్క పోయిందని ఆ హాల్లో కమలాక్షికి తప్ప ఎవరికీ తెలియలేదు. అంత శుభ్రంగా అతికే చెయ్యి ఈ చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఒక్కటే ఉంది. ఆ చేతి పనితనం గురించి ఆమే నలుగురికీ గొప్పగా చెప్పుకునేది.

"రా కమలమ్మా. తిన్నావా?" అన్నాడు మునస్వామి తలెత్తకుండా. రీలు చుట్టే బల్ల ముందు కూర్చుని ఎడమచేత్తో పిడి తిప్పుతూ, కుడిచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి ఫిల్ము జారనిస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ప్రతి రీలునూ ఆట ముందు ఇలాగే వేళ్ళతో తడిమి చూస్తాడు.

"తింటాలేన్నా. తొందరేముండాది," అంది ఆమె.

ఎప్పుడొచ్చినా స్టూలు లాగి తుడిచి వేసే మనిషి ఇవాళ వెయ్యలేదు. కమలాక్షి తనే లాక్కుని కూర్చుంది. గోడ మీద కొత్త క్యాలెండరు కనిపించింది. పెద్ద టమోటా బొమ్మ, దాని కింద గంగులప్ప మండీ పేరు. ఊళ్ళో సగం అంగళ్ళలో అదే క్యాలెండరు ఉంది, ఆ మాట నిజమే. కానీ నిన్నటిదాకా ఈ గోడకు లేదు. లేక ఉన్నా తను చూడలేదా? అనుమానం ఒకసారి మొదలైతే క్యాలెండరు కూడా సాక్ష్యం చెబుతుంది.

నేరుగా అడగకూడదని ఆమె మెట్లు ఎక్కేటప్పుడే అనుకుంది. అందుకని వాళ్ళిద్దరికీ అలవాటైన కబుర్లలోకే దిగింది.

"ఈ సినిమాకు నువ్వెన్ని మార్కులేస్తావు మునస్వామన్నా?"

"నాదేముంది. నువ్వు రాసేదాన్ని సదువుకుంటా."

"నేను రాసింది సదివినావా అయితే?"

ఫిల్ము జారుతున్న వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. "సదివినా," అన్నాడు.

కమలాక్షి కొలబద్ద ఒకటే. హాల్లో వేరుశనక్కాయల చప్పుడు. ఈ ప్రాంతంలో సినిమాకు వచ్చే ప్రతివాడి చేతిలోనూ కాయల పొట్లం ఉంటుంది. దెయ్యం వచ్చినప్పుడు కూడా హాలంతా కాయలు ఒలిచే చప్పుడు పటపటమంటూనే ఉంటే అది దెయ్యం కాదు, వేషం. ఆ చప్పుడు టక్కున ఆగిపోయిందా, అప్పుడు సినిమా తీసినవాడికి దండం పెట్టవచ్చు. ఈ రెండేళ్ళలో వచ్చిన దెయ్యాలలో చాలావరకు సోమరిపోతులని ఆమె అభిప్రాయం. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, గజ్జెలు మోగించుకుంటూ వచ్చి నిలబడితే చాలు, జనం భయపడి చస్తారని వాటి ధీమా. పైగా దెయ్యం రాకముందే డప్పు వాయించి, ఇదిగో వస్తోంది జాగ్రత్త అని చెప్పే సంగీతం. పెళ్ళికొడుకు వస్తున్నాడా, దెయ్యం వస్తోందా?

"మూడు నెలల కింద వచ్చిన ఆ లిఫ్టు సినిమా గుర్తుండాదా?" అంది ఆమె. "లిఫ్టే ఎక్కని ఊర్లో లిఫ్టులో దెయ్యమంటే ఎవురు భయపడతారబ్బా అనుకున్నా. కానీ ఆ తలుపు మూసుకుంటాది సూడు, నిదానంగా, లోపల ఒకరే మిగిలినట్లు... అప్పుడు నా పక్కనున్న ఆమె కాయలు ఒలిచేది నిలిపేసింది. తలుపు తెరిచేదానికన్నా మూసేదే జాస్తి భయం."

"పైనుంచి నాకు సినిమా కనపడదమ్మా. తలకాయలే కనపడతాయి. భయమేస్తే తలకాయలు కిందికి పోతాయి. లిఫ్టు సినిమాకి రెండుసార్లు పోయినాయి." ఇష్టమైన మాట వచ్చేసరికి మునస్వామి గొంతు తేలికపడింది.

"ఆ మూడు కంచాల సినిమాకో?"

అది పోయిన వేసవిలో వచ్చిన తమిళ డబ్బింగు సినిమా. అందులో దెయ్యమే లేదు. ఒక ఇల్లాలు రోజూ మొగుడికీ తనకూ రెండు కంచాలు పెడుతుంది. ఒకరోజు ఏమీ మాట్లాడకుండా మూడో కంచం పెడుతుంది. మొగుడు అది చూసి, ఎవరికని అడగకుండా తలవంచుకుని తింటాడు. అంతే. హాలంతా బిగుసుకుపోయింది. కమలాక్షి దాని మీద పత్రికలో పేజీన్నర రాస్తే, సంపాదకుడు అర పేజీకి కుదించి ఆమెతో తిట్లు తిన్నాడు.

"దానికి తలకాయలు కదల్లేదు. ఎవురూ కదల్లేదు. అది వేరే రకం," అన్నాడు మునస్వామి.

"సస్పెన్సు సినిమాలే బోరు కొడతాండాయన్నా. మొదటి సగంలో అందరికీ మేలు చేసేవాడే చివర్లో హంతకుడు. ముందే తెలిసిపోతాది. మంచోడు కనపడితే సాలు, వీడే అని వేలు పెట్టి సూపించొచ్చు." ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ అంది. "నాకు ఎవురూ మేలు సేయలేదు, నువ్వు తప్ప. పదేండ్లుగా ఈ కిటికీలోంచి ఎన్ని సినిమాలు సూపించినావు!"

మునస్వామి తిప్పుతున్న పిడి వదిలేశాడు. లేచి కూజాలోంచి నీళ్ళు వంచుకోవడానికి వెళ్ళాడు. నీళ్ళు తాగేవాడు గోడవైపు తిరిగి తాగనక్కర్లేదు.

కమలాక్షి లేచింది. రీళ్ళు వచ్చే రేకుపెట్టె కిటికీ కింద ఉంది. దాని మూత లోపలివైపు ఒక కార్డు ఉంటుంది. ఏ ఊరికి పెట్టె వచ్చినా అక్కడి ఆపరేటరు ప్రతి రీలునూ తడిమి చూసి, ఎన్ని అతుకులు ఉన్నాయో ఆ కార్డు మీద రాసి సంతకం పెట్టాలి. రేపు ఏదైనా ముక్క పోయిందని సినిమా వాళ్ళు గొడవ చేస్తే, నా దగ్గరికి వచ్చినప్పుడే ఇలా ఉంది అని చూపించుకోవడానికి. ఈ సంగతి ఆమెకు నేర్పింది కూడా మునస్వామే. శవయాత్ర ఉండేది పదకొండో రీలు. మదనపల్లె ఆపరేటరు దానికి ఎదురుగా, కోడి గీతల్లాంటి అక్షరాలతో, మూడు అతుకులు అని రాశాడు. దాని కింద పుంగనూరు వరుస. ముత్యాల్లాంటి అక్షరాలు. శుక్రవారం తేదీ. పదకొండో రీలు, అతుకులు నాలుగు. కింద సంతకం, మునస్వామి.

కమలాక్షి ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. దొంగతనం చేసి రసీదు రాసిచ్చిన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నది ఉన్నట్టు రాసిన చెయ్యి, తాను వేసిన దొంగ అతుకును కూడా లెక్క తప్పకుండా రాసేసింది. మరో వేళ అయితే నవ్వొచ్చేది.

"ఇదేమిది?" అంది కార్డు పైకెత్తి. "మదనపల్లెలో మూడు. ఈడికొచ్చేసరికి నాలుగు. రోడ్డు మీద పొడిచిందా నాలుగోది?"

మునస్వామి చేతిలో లోటా అలాగే ఉంది. గడ్డం మీద నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఆ కార్డు లోపల పెట్టేయమ్మా."

"గంగులప్ప ఏమిచ్చినాడన్నా నీకు? క్యాలెండరేనా, ఇంకేమన్నా ఇచ్చినాడా? నా తమ్ముడు జైలుకు పోతే నీకేం వస్తాది? గురువారం ఆ ముక్క లేకుండా నేను కోర్టులో ఏమి సూపించేది? ప్రమీలతో వాని పెండ్లయి యాడాది కాలేదు!" గొంతు పెరిగిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయింది. "ఊరంతా కొనేసినా మునస్వామన్నను కొనలేరు అనుకున్నా నేను. ఎంత తెలివితక్కువదాన్ని."

ముసలివాడి ముఖం ముడుచుకుపోయింది. ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే కమలాక్షికి నిబ్బరంగా ఉండేది. జాలిగా చూశాడు, ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడినవాళ్ళు చూసినట్టు.

"నన్ను తిట్టుకో. ఇంకా నాలుగు మాటలు తిట్టు. తిట్టి ఇంటికి పోమ్మా. ఆ ముక్క లేదు, పోయింది అనుకో."

"యాల అనుకోవాల?"

"సెప్తాండా గదా, అనుకో."

"నేను పోను. రెండున్నరకు నువ్వు మిషను యేసినా ఈ స్టూలు మీదనే కూర్చోనుంటా. యేమి జేస్తావో జెయ్యి."

కింద హాల్లో ఎవరో కుర్చీలు దులుపుతున్న చప్పుడు వినిపించింది. చివరికి ఆయన బల్ల సొరుగు లాగి, జిగురు సీసాలు, పాత బ్లేడ్ల వెనక నుంచి వక్కపొడి డబ్బా ఒకటి తీశాడు. వెంటనే ఇవ్వకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"సూడొద్దు అని నేను సెప్పినట్లు గుర్తు పెట్టుకో," అని ఆమె చేతిలో పెట్టాడు.

డబ్బాలో ఆరడుగుల ఫిల్ము ముక్క చుట్ట చుట్టుకుని ఉంది. కమలాక్షి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుంది. మునస్వామి తన భూతద్దం అందించాడు. చిన్న చిన్న గళ్ళు ఒకదాని కింద ఒకటి, అన్నిట్లోనూ దాదాపు ఒకే బొమ్మ. ముందు శవం పాదాలు. పాడె మోసేవాళ్ళ భుజాలు. పక్కన పొగ మిషను నుంచి వస్తున్న పొగ. దాని వెనక జీపు. జీపుకు ఆనుకుని గళ్ళచొక్కా. భూతద్దంలో ఆ పళ్ళు కూడా గుర్తుపట్టవచ్చు, గంగులప్పే. కమలాక్షి గుండె సంతోషంతో ఎగిరింది. దొరికావు, కుప్పం పెళ్ళి పెద్దా!

ఆమె ముక్కను కిందికి జరిపింది. ఒక్కో గడికీ పొగ రవ్వంత పలచబడుతోంది. ముప్పై గళ్ళ తర్వాత జీపు అద్దం కనిపించింది. నలభై గళ్ళకు అద్దం వెనక స్టీరింగు మీద ఒక మోచెయ్యి. ఆ తర్వాత నీలం స్వెట్టరు. అది ఎవరి స్వెట్టరో ఆమెకు ముఖం కనిపించకముందే తెలిసింది. మోచేతి దగ్గర ఊలు చాలక ఎర్రది కలిపి అల్లింది తనే. చివరి పది గళ్ళల్లో ముఖం కూడా వచ్చింది. జయచంద్ర స్టీరింగు ముందు కూర్చుని, శవాన్ని చూస్తూ, తన యజమానితో పాటు నవ్వుతున్నాడు. నూటమూడు జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజు.

కమలాక్షి భూతద్దం దించింది. మళ్ళీ ఎత్తి చూసింది. మారలేదు.

"అడిగింది గంగులప్ప కాదమ్మా," అన్నాడు మునస్వామి నెమ్మదిగా. "శుక్రవారం పొద్దున పెట్టె బస్సులోంచి దిగీ దిగకముందే నీ తమ్ముడు వచ్చినాడు. నువ్వు రాసింది చేతిలో పట్టుకోని వచ్చినాడు. అక్క నన్ను సూసుకోలేదన్నా, ఇంగోసారి సూస్తే సచ్చిపోతాది, కోసి కాల్చేయి అని నా కాళ్ళు పట్టుకున్నాడు. నీ మొగం సూసి కోసినా. కాల్చేసినానని వానితో చెప్పినా. నాకు సేతులు రాలేదు. నేను అతికేవాణ్ణే గానీ కాల్చేవాణ్ణి కాదు."

"అందుకేనా నాకు స్టూలు యెయ్యలేదు?"

"నువ్వు కూర్చుంటే అడుగుతావు గదా."

ఆమె డబ్బా మూత పెట్టి, భూతద్దంతో పాటు సంచిలో వేసుకుంది. ఆయన వద్దనలేదు. కార్డును తనే తీసుకుని పెట్టె మూతలో దోపాడు. ఆ నాలుగు అంకె దిద్దే ప్రయత్నమేదీ చెయ్యలేదు.

పోస్టాఫీసు దాకా పది నిమిషాల నడక. కమలాక్షికి ఆ దారి ఎలా గడిచిందో తెలియదు. ఒక్కటే ఆలోచన తిరుగుతోంది. ఆ సాయంత్రం ఏడింటికి తను చూసింది జ్వరం కాదు. వాడి నుదురు వెచ్చగా ఉంది, చెమట పట్టి ఉంది, పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. చలిజ్వరం అనుకుని ఇంకో దుప్పటి కప్పింది. ఎంతమంది నటులు భయాన్ని సరిగ్గా నటించలేదని తప్పులు పట్టింది ఇన్నేళ్ళూ! అసలు సిసలైన భయం తన ఎదుట మంచం మీద పడుకుని వణుకుతుంటే, దాన్ని గుర్తుపట్టలేక మిరియాల కషాయం కాచింది. తన మీద తనకే అసహ్యం వేసింది. దాని వెంటనే వాడి మీద పట్టరాని దుఃఖం వచ్చింది. అమ్మ పోయాక, తనకన్నా పదకొండేళ్ళు చిన్నవాణ్ణి చంక దించకుండా పెంచింది. సినిమాలో దెయ్యం వచ్చినప్పుడల్లా తన అరచేత్తో వాడి కళ్ళు మూసేది.

పోస్టాఫీసులో కౌంటరు పక్క బెంచీ మీద జయచంద్ర కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోయినావక్కా? తినలేదంట గదా," అంటూ లేచి వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళు వచ్చినా నవ్వితే పసివాడిలాగే ఉంటాడు. "ఈ వారం నీ పేజీ పంపినావా మదనపల్లెకి? నాలుగు గంటల బస్సుకు ఇస్తావు గదా."

"ఇంకా రాయలేదురా."

"అయితే సరిపోయింది. ఒక మాట చేర్చక్కా. పోయిన తూరి జీపు అని రాసినావే, అది నీ పొరపాటు, సినిమాలో అట్లాంటిది లేదు అని రాసేయి. లేని సాక్ష్యం ఉండాదని చెప్పినామంటే జడ్జీకి కోపమొస్తాదంట. నువ్వే గదా సూసినావు ఆదివారం, లేదు గదా?"

"లేదు," అంది కమలాక్షి. అది అబద్ధం కాదు. "ఆ పొద్దు నీకు జ్వరం ఎప్పుడు మొదలైంది రా?"

"యాల ఇప్పుడు?"

"గురువారం నన్ను అడుగుతారు గదా. తడబడకూడదు."

"పొద్దున ఆరింటికి. పల్లు తోముకుంటాంటేనే కాళ్ళు లాగేసినాయి. ప్రమీల గంజి కాచిచ్చింది, ఒక గ్లాసు తాగినా, అదీ కక్కేసినా. పక్కింటామె వచ్చి నిమ్మకాయ తిప్పేసింది. మజ్జానం అంతా తెలివి లేదు. సాయంత్రం నువ్వొస్తివి." గడగడా అప్పజెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు, ఒక్క మాటా అటూ ఇటూ కాలేదు. ముఖంలో ఆ రోజు నీరసం కూడా కొంచెం తెచ్చుకున్నాడు. ఇంత బాగా నటించేవాణ్ణి ఈ మధ్య ఏ సినిమాలోనూ చూడలేదని కమలాక్షి మనసులో అనుకుంది.

సంచి ఆమె ఒళ్ళో ఉంది. గురువారం తను నోరు విప్పి జ్వరం అని చెబితే వీడు బయటపడతాడు. ముక్క చూపిస్తే గంగులప్పతో పాటు వీడూ మునుగుతాడు. ఏదీ చెప్పకుండా ఉండే దారి ఉందేమోనని వెతుక్కుంటూ ఆమె పెన్ను తీసింది, కాగితం ముందుకు లాక్కుంది. గతవారం నేను, అని రెండు మాటలు రాసింది. జయచంద్ర బల్ల మీద చెయ్యి ఆనించి, వంగి చదువుతున్నాడు.

"అమ్మా, కమలాక్షమ్మ అంటే నువ్వేనా?"

కౌంటరు అవతల ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో మడిచిన పాత వారపత్రిక. బస్సులో నిలబడి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"నేనే తాతా. యేం కావాల?"

"మాది బైరెడ్డిపల్లె కాడ. నా పేరు శ్రీరాములు. రామక్క మొగుణ్ణి." కమలాక్షి చేతిలో పెన్ను కదల్లేదు. బల్ల మీద ఆనించిన తమ్ముడి చెయ్యీ కదల్లేదు. ఎవరి ఎదుట నిలబడ్డాడో ఆయనకు తెలియదు. కోర్టుకు ఆయన ఇంకా వెళ్ళలేదు. జీపు వాళ్ళ ముఖాలు ఎప్పుడూ చూడలేదు. "టీ అంగట్లో ఎవురో ఇది సదివి చెప్పినారమ్మా. ఆ దినం కొండమింద ఆ జీపు సినిమాలో పడిందంట, నువ్వు సూసి రాసినావంట. పొద్దున ఆ జీపు కాడ ఎవురుండారో, సాయంత్రం గూడా వాళ్ళే గదా ఉంటారు? నాకు ఒక కన్ను ఆపరేషన్ అయిందిలే, ఆ కంటితో బాగానే సూస్తా. నేనెప్పుడూ సినిమాకి పోలేదు. నన్ను ఒక్కసారి తీసుకపోతావా తల్లీ? వాని మొగం సూడాల. తిట్టను, యేమీ అనను. సూడాల, అంతే."

ముందు మాట్లాడింది జయచంద్రే.

"దానికేమి తాతా, ఇప్పుడే పోదాం పా," అన్నాడు. కౌంటరు పలక ఎత్తి అవతలికి పోయి, ముసలాయన మోచెయ్యి పట్టుకున్నాడు, పడిపోకుండా. "మ్యాట్నీకి ఇంకా టైముండాది. నేను తీసుకపోతా. పక్కన కూర్చోని ఆ సీను వచ్చినప్పుడు చెప్తా. నువ్వే సూద్దువు గానీ, జీపుందో లేదో."

"నిన్ను దేవుడు సల్లగా సూస్తాడప్పా. ఎవురమ్మా ఈయప్ప, నీ తమ్ముడా?"

జయచంద్ర అక్కవైపు చూసి నవ్వాడు. బెరుకు లేని నవ్వు. పదకొండో రీలులో జీపు లేదని వాడికి తెలుసు. కాలి బూడిదైందని వాడి నమ్మకం. రామక్క మొగుడి చెయ్యి పట్టుకుని, ఆ ఖాళీ చూపించడానికి బయలుదేరుతున్నాడు. ఇన్నేళ్ళలో కమలాక్షి వందల సినిమాలు చూసింది. ఒక మనిషిని చూసి ఇంత భయపడటం ఇదే మొదలు.

ఆమె రాసిన రెండు మాటల కాగితాన్ని ఉండ చుట్టింది. సంచిలో చెయ్యి పెట్టింది.

"సినిమా దాకా యాల తాతా," అంది. "వెలుతురు ఈడే బాగుండాది. కిటికీ కాడికి రా, నేను సూపిస్తా."

వక్కపొడి డబ్బా బల్ల మీద పెట్టి మూత తిప్పింది. జయచంద్ర ముసలాయన మోచెయ్యి వదల్లేదు. ఆ డబ్బాలో ఏముందో వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత వాడి పళ్ళు, ఆ డిసెంబరు సాయంత్రం లాగే, టకటకమని కొట్టుకోవడం కమలాక్షికి వినిపించింది.

"చలేస్తాండాదా నాయనా?" అని శ్రీరాములు తన తల తువ్వాలు విప్పి వాడి భుజాల మీద కప్పాడు.